నీల్ దీవిలో వాడుక నీటికి కంకర మడి: ఆరు గదుల లాడ్జి ప్రాజెక్టు డైరీ

చిన్న దీవిలోనో తీరగ్రామంలోనో నాలుగైదు గదుల లాడ్జి నడుపుతూ, స్నానాల గది, వంటగది, బట్టలుతికే గట్టు నుంచి వచ్చే నీటిని ఎటు పంపాలో తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ డైరీ రాస్తున్నాను. మేము కట్టింది కంకర మడి: షీటు పరిచిన గుంతలో కంకర నింపి, మొక్కలు నాటి, ఆ నీటిని దాని గుండా మెల్లగా పోనిచ్చి శుద్ధి చేసే ఏర్పాటు. మరుగుదొడ్డి నీరు ఇందులో లేదు. అది విడిగా సెప్టిక్ ట్యాంకుకు పోతుంది, ఆ ఏర్పాటును మేము కదపలేదు. ఖర్చులన్నీ దీవికి సరుకు చేరేసరికి అయిన ధరలు. ప్రధాన భూభాగంలో కంకర, కూలి రెండూ తక్కువకే దొరుకుతాయి.

స్థలం అండమాన్‌లోని నీల్ దీవి. 2018 డిసెంబరులో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ మాటల్లో పాత పేరే వినిపిస్తుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి (2024 నుంచి అది శ్రీ విజయపురం) సుమారు 37 కిలోమీటర్ల దూరంలో, 14 చదరపు కిలోమీటర్లకు మించని నేల ఇది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ ఉండేవారు సుమారు 3,000 మంది. లాడ్జి యజమానురాలిది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి 1960లలో ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. నేను భీమవరం దగ్గర రొయ్యల చెరువుల్లో నీటి పరీక్షలు చేసినవాడిని. ఆ పరీక్షల పెట్టె, ఉప్పు శాతం చూసే గొట్టం ఇక్కడ ఇంతగా అక్కరకు వస్తాయని వచ్చేటప్పుడు అనుకోలేదు.

పని ఎందుకు మొదలైందో రెండు మాటల్లో చెప్పవచ్చు. ఈ దీవి అడుగున ఉన్నది చాలావరకు సున్నపురాయి, పాత పగడపు రాయి. దానినిండా సందులే కాబట్టి పైన పోసిన నీరు ఏ వడపోతా లేకుండా దిగిపోతుంది. దిగిన నీటిలో కొంత బావికి, మిగిలింది సముద్రానికి, అంటే భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ తీరాల ముందున్న పగడాల మీదికి చేరుతుంది. సబ్బు నీటిలో ఉండే నత్రజని, భాస్వరం అక్కడ నాచుకు ఎరువవుతాయి. నాచు కమ్మిన చోట పగడం నిలదొక్కుకోలేదు.

దశ 1: కొలతలు (మార్చి, ఏప్రిల్)

గదులు నిండి ఉన్న రోజుల్లోనే కొలవాలి. వానకాలంలో ఖాళీ లాడ్జిలో కొలిచి గుంత తవ్వితే డిసెంబరులో అది పొంగి తీరుతుంది. మేము చేసిన క్రమం ఇది:

1. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నుంచి కిందికి వచ్చే గొట్టానికి అర అంగుళం నీటి మీటరు బిగించాం. ఉదయం 6 గంటలకు, రాత్రి 10 గంటలకు అంకె రాసుకున్నాం.
2. ఒక్కో కొళాయి కింద 10 లీటర్ల బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూశాం. షవర్లలో నిమిషానికి 9 లీటర్లు పోతోంది.
3. ఉతికే గట్టు దగ్గర నీటిని బకెట్ల లెక్కన పట్టాం. అక్కడ మీటరు పెట్టడం అనవసరపు ఖర్చు.
4. బావి నీటిలో కరిగిన లవణాలను మీటరుతో చూశాం.

పన్నెండు మంది అతిథులు, నలుగురు సిబ్బంది ఉన్న రోజున సగటు వాడకం 2,150 లీటర్లు. అందులో స్నానాలు, చేతులు కడిగే తొట్లు 1,040, మరుగుదొడ్లు 430, బట్టలు 380, వంటగది 300. మరుగుదొడ్లను తీసేస్తే మనం శుద్ధి చేయవలసింది 1,720 లీటర్లు.

బావి కొలత మరింత ముఖ్యమని తర్వాత తేలింది. మార్చిలో లవణాలు 780 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉన్నాయి. అదే బావిలో వానలు పడ్డాక జూలైలో 410. కారణం అందరికీ తెలిసినదే అయినా అంకెల్లో చూస్తే భయం వేస్తుంది. ఇలాంటి దీవుల్లో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిచి ఉంటే, దాని కింద సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుందని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. ఈ లెక్క తిరగేసి చూడండి: మోటారు వేసి పైమట్టాన్ని అరడుగు దింపితే, కింద ఉప్పునీరు 20 అడుగులు పైకి రావడానికి సిద్ధమవుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట వేసవిలో ఉప్పు తగలడానికి ఇదే మూలం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన దాదాపు ఉండదు, పర్యాటకులు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే.

కనుక ఈ ప్రాజెక్టు మురుగు శుద్ధికి మాత్రమే సంబంధించినది కాదని ఇక్కడే నిర్ణయమైంది. ముందు బావిలోంచి తోడేది తగ్గాలి, ఆ తర్వాతే గుంత.

ఈ దశ ఖర్చు: మీటరు, పరీక్ష రసాయనాలు, గొట్టాలు 4,300 రూపాయలు.
ఇప్పటివరకు మొత్తం: 4,300.

దశ 2: వాడకం తగ్గించడం (మే, జూన్)

మొదటి పట్టీ ప్రకారం ఎంత పెద్ద మడి కావాలో లెక్క వేశాను. 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, అర మీటరు నీటి లోతు గల కంకర మడిలో ఎంత నీరు పడుతుందన్నది రాళ్ళ మధ్య ఖాళీ మీద ఆధారపడుతుంది. దాన్ని పుస్తకంలోంచి తీసుకోకండి, కొలవండి: 10 లీటర్ల బకెట్టు నిండా కంకర పోసి, పై అంచు దాకా పట్టినంత నీటిని కొలిచి పోయాలి. మా 20 ఎం.ఎం. కంకరకు 4.1 లీటర్లు పట్టింది, అంటే 41 శాతం ఖాళీ. ఆ లెక్కన మడిలో నిలిచే నీరు 2,460 లీటర్లు. రోజుకు 1,720 లీటర్లు వస్తే ఆ నీరు మడిలో ఉండేది 1.4 రోజులే. కనీసం రెండు రోజులు ఉండాలన్నది మేము పెట్టుకున్న గీత.

రెండు దారులు ఉన్నాయి. మడిని 9 మీటర్లకు పెంచాలి, లేదా నీటిని తగ్గించాలి. కంకర పడవ మీద రావలసిన దీవిలో మొదటి దారికి అర్థం లేదు.

చేసిన మార్పులు:

1. షవర్ మూతలను నిమిషానికి 5 లీటర్లు పోసేవాటితో మార్చాం. ప్రతి స్నానాల గదిలో బకెట్టు, చెంబు పెట్టాం. మన దేశపు అతిథుల్లో ఎక్కువమంది షవర్ వదిలి వాటినే వాడారు.
2. దుప్పట్లు రోజూ మార్చడం మానేశాం. మూడు రాత్రులకు ఒకసారి, లేదా గది ఖాళీ అయినప్పుడు.
3. తెల్ల దుప్పట్లు తీసేసి లేత గోధుమరంగువి కొన్నాం. దీని కారణం దశ 6లో వస్తుంది.
4. మరుగుదొడ్డి తొట్లలో నీరు నింపి మూత బిగించిన సీసా ఒక్కొక్కటి నిలబెట్టాం.

పనిచేయనిది ఒకటుంది. గదుల్లో ‘నీరు పొదుపుగా వాడండి’ అని మూడు భాషల్లో అంటించిన కాగితాల వల్ల మీటరు అంకెలో తేడా ఏమీ కనబడలేదు. బావి లవణాల అంకెలను నెలవారీగా రాసి భోజనాల గదిలో నల్లబల్ల మీద పెట్టాక మాత్రం అతిథులు ఆగి చదివి, ప్రశ్నలు అడిగారు. దాని వల్ల ఎన్ని లీటర్లు తగ్గాయో విడదీసి చెప్పలేం గనుక ఆ బల్లను ఖాతాలో వేయడం లేదు.

డిసెంబరులో గదులు నిండాక తిరిగి కొలిస్తే వచ్చిన అంకెలు: స్నానాలు 640, బట్టలు 210, వంటగది 260, మరుగుదొడ్లు 330. మొత్తం 1,440. మడికి పోయేది 1,110 లీటర్లు. నీరు నిలిచే కాలం 2.2 రోజులు.

ఈ దశ ఖర్చు: 11,200, అందులో ఎక్కువ భాగం దుప్పట్లదే.
ఇప్పటివరకు మొత్తం: 15,500.

దశ 3: కొవ్వు తొట్టి (జూలై)

వంటగదిలో చేపలు, ఆవనూనె. నూనె నేరుగా కంకరలోకి పోతే మడి కొన్ని నెలల్లోనే మూసుకుపోతుంది, కనుక ముందు దాన్ని తేల్చి తీయాలి. మొదట 60 లీటర్ల డ్రమ్ము పెట్టాం. లోపలికి గొట్టం, బయటికి వంపు గొట్టం, పైన మూత. రోజుకు 300 లీటర్లకు అది చాలుతుందనిపించింది, కానీ గిన్నెలు రోజంతా సమానంగా తోమరు. ఉదయం ఫలహారాల తర్వాత అరగంటలో 110 లీటర్లు వస్తుంది. ఆ వేగంలో నీరు డ్రమ్ములో పావుగంటకు మించి నిలవలేదు. వేడినీటితో కడిగిన గిన్నెల నూనె చల్లారి పేరుకునేలోపే బయటికి జారిపోయింది. బయటి గొట్టంలో వేలు పెట్టి చూస్తే తెల్లటి జిడ్డు పొర.

మార్చిన ఏర్పాటు:

1. సిమెంటు దిమ్మెలతో రెండు అరలు, ఒక్కొక్కటి 60 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 55 నీటి లోతు. ఒక్కో అరలో సుమారు 198 లీటర్లు.
2. అరల మధ్య దారి పైన కాదు, అడుగు నుంచి 20 సెం.మీ. ఎత్తులో. తేలిన కొవ్వు మొదటి అరలోనే ఆగుతుంది.
3. తూము దగ్గర దోమతెర గుడ్డతో కుట్టిన సంచి, చేప పొలుసుల కోసం. రోజూ విదిలించాలి.
4. గిన్నెలు కడిగే ముందు మెతుకులు, నూనె కాగితంతో తుడిచి ఎరువు గుంతలో వేయడం.

నాలుగోదే అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది, ఖర్చేమీ లేదు. తుడవక ముందు వారానికి 4 సెం.మీ. మందం పేరుకున్న కొవ్వు తుడిచాక ఒకటిన్నరకు దిగింది. తీసిన కొవ్వును ఎండుటాకులతో కలిపి పాతిపెడుతున్నాం. పైపైన వేస్తే కుక్కలు తవ్వుతాయి.

ఈ దశ ఖర్చు: 9,400.
ఇప్పటివరకు మొత్తం: 24,900.

దశ 4: గుంత, షీటు (ఆగస్టు)

చోటు ఎంచుకునేటప్పుడు మూడు షరతులు పెట్టుకున్నాం: బావికి 30 మీటర్లకు పైగా దూరం, బావి కంటే పల్లం, వాననీరు పారివచ్చే దారికి పక్కగా. పెరట్లో వక్క చెట్ల వెనక ఇవన్నీ కుదిరే చోటు ఒకటే దొరికింది. మట్టాలు పారదర్శకమైన లెవెల్ పైపుతోనే చూశాం. 6 మీటర్ల పొడవుకు 6 సెం.మీ. వాలు పెట్టాం.

మేస్త్రి సోంపేట వైపు నుంచి వచ్చి పోర్ట్‌బ్లెయిర్‌లో స్థిరపడినవారు. తవ్వకం 40 సెం.మీ. దిగేసరికి పగడపు రాయి తగిలింది. “బాబూ, ఇది పలుగుకు లొంగే రాయి కాదు, దీన్ని బద్దలు కొట్టే కూలితో ఇంకో గది కట్టుకోవచ్చు” అన్నారాయన. ఆయన మాట మీదే లోతు తవ్వడం ఆపి, మిగిలిన 30 సెం.మీ. తవ్విన మట్టితో చుట్టూ గట్టు వేసి పైకి లేపాం. ఇది రెండు విధాల మేలు చేసింది: గట్టు వల్ల వానకాలపు పారుడు నీరు మడిలోకి రాదు, బయటికి పోయే తూము ఎత్తు మీద ఉండడంతో అరటి పాదుల దాకా వాలు దొరికింది.

రొయ్యల చెరువులకు పరిచే రకం షీటు, 500 మైక్రాన్ల మందంది, తెప్పించాం. గుంత కొలతకు పక్కల లోతును రెండుసార్లు, అంచుల మడతను కలుపుకోవాలి, మాకు 8.4 మీటర్ల పొడవు, 4.4 మీటర్ల వెడల్పు పట్టింది.

కారుడు పరీక్ష ఇలా చేయాలి:

1. కంకర పోయక ముందే, వాన లేని రాత్రి చూసుకుని, 30 సెం.మీ. దాకా నీరు నింపాలి. మేము పట్టిన వాననీరే వాడాం.
2. గట్టు పక్కన అదే నీటితో నిండిన బకెట్టు పెట్టాలి. ఆవిరి ఎంత పోయిందో అది చెబుతుంది.
3. ఉదయం రెండింటి మట్టమూ కొలవాలి. తేడానే కారుడు.

బకెట్టులో 0.4 సెం.మీ. తగ్గింది, గుంతలో 7. షీటు తీసి చూస్తే అడుగున పగడపు రాతి మొనలు గుచ్చుకుని చిల్లులు పడ్డాయి. భీమవరం బంకమట్టి చెరువుల్లో షీటు కింద ఏమీ పరచకపోయినా నడుస్తుంది. ఇక్కడి నేల వేరు. ఇసుక పరిస్తే సులువుగా తేలిపోయే పని, కానీ తీరపు ఇసుక తవ్వడాన్ని తీర నియంత్రణ నిబంధనలు నిషేధిస్తాయి. ఒడ్డున పడి ఉన్న చచ్చిన పగడపు ముక్కలనూ ముట్టరాదు, రాతిపగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఈ పనికే వాటిని గంపలతో ఎత్తుకురమ్మని సలహా ఇచ్చినవారు లేకపోలేదు. పగడాలను కాపాడటానికి కడుతున్న మడిలో పగడాలనే పోయడం ఏ లెక్కన సమంజసమో వారే చెప్పాలి.

సరిదిద్దిన తీరు: మొనలను సుత్తితో చదును చేసి, తవ్విన మట్టినే జల్లెడ పట్టి 5 సెం.మీ. పరిచి, దాని మీద ఖాళీ సిమెంటు సంచులు విప్పి రెండు వరసలు వేసి, చిల్లులు అతికిన షీటును తిరిగి పరిచాం. రెండో పరీక్షలో పగలూ రాత్రీ కలిపి బకెట్టులో 0.5, గుంతలో 0.6.

ఈ దశ ఖర్చు: తవ్వకం కూలి 12,000, షీటు 6,300, సంచులు వగైరా 900, మరమ్మతు 2,400, కలిపి 21,600.
ఇప్పటివరకు మొత్తం: 46,500.

దశ 5: కంకర (సెప్టెంబరు)

12 చదరపు మీటర్లకు 60 సెం.మీ. మందాన 7.2 ఘనపు మీటర్లు కావాలి. సుమారు 11 టన్నుల బరువు. ఈ కాలంలో సముద్రం బాగా లేక సరుకు పడవ ఆలస్యమైంది. ఆ వ్యవధిలో ఇక్కడ విరివిగా దొరికే కొబ్బరి పీచును కంకరకు బదులు వాడవచ్చా అని ఒక డ్రమ్ములో పరీక్షించాం. నీరు టీ డికాషన్ రంగుకు తిరిగింది, రెండో వారానికి పీచు కుళ్ళి అణగిపోయింది, వాసన భరించలేకపోయాం. కొబ్బరి చిప్ప ముక్కలు అంత త్వరగా పాడవలేదు గానీ తేలిపోతూ, వరస నిలవలేదు. రాతి కంకరే ఖాయమైంది.

కంకరను కడగకుండా పోయకండి. దానిలోని రాతి పొడి అడుగుకు చేరి సిమెంటులా బిగుస్తుంది. మేము గమేళాల్లో వాననీటితో, కింద జల్లెడ పెట్టి, నీరు తేటగా వచ్చేదాకా కడిగాం. మొత్తం పనిలో అత్యంత విసుగు పుట్టించిన భాగం ఇదే, కూలివారు మధ్యలో మానేసిన భాగమూ ఇదే.

పోసిన వరస: నీరు లోపలికి వచ్చే వైపు 60 సెం.మీ. పొడవునా 40 ఎం.ఎం. రాయి, బయటికి పోయే వైపు కూడా అంతే, మధ్యలో 20 ఎం.ఎం. కంకర. నీటి మట్టం కంకర పైభాగానికి 10 సెం.మీ. కింద ఉండాలి. ఆ పొడి పొర ఉంటేనే దోమ గుడ్లు పెట్టదు.

ఈ దశ ఖర్చు: కంకర 46,800, మోత కూలి 5,600; కలిపి 52,400.
ఇప్పటివరకు మొత్తం: 98,900.

దశ 6: మొక్కలు, వాటి చావు (అక్టోబరు, నవంబరు)

మొక్కలను భూభాగం నుంచి తేకూడదని మొదటే అనుకున్నాం. దీవిలో కొత్త మొక్క అదుపు తప్పి వ్యాపిస్తే వెనక్కి తీసుకునే దారి ఉండదు. ఊళ్ళో పెరళ్ళలో ఉన్న మెట్టతామర దుంపలనే అడిగి తెచ్చి, చదరపు మీటరుకు నాలుగు చొప్పున 48 నాటాం. మొదటి మూడు వారాలు సబ్బు నీరు పోయకుండా వాననీటితో వేళ్ళు పట్టనిచ్చాం.

వాడుక నీరు వదిలిన తర్వాత లోపలి వైపు మొక్కలు వరసగా ఎండిపోయాయి, 17 చచ్చాయి. ఆకుల అంచులు ముందు కాలి, తర్వాత కాండం మెత్తబడింది. సబ్బు వల్ల అనుకుని ఉదజని సూచిక (పీహెచ్) చూస్తే 7.8, అదేమంత ఎక్కువ కాదు. కారణం బట్టలుతికే గట్టు దగ్గర దొరికింది. మిగిలిన కొన్ని తెల్ల తువ్వాళ్ళను బ్లీచింగ్ పొడిలో నానబెట్టి, ఆ నీటిని ఒక్కసారిగా వదులుతున్నారు. క్లోరిన్ మొక్కను చంపడం ఒక ఎత్తు, కంకరను అంటుకుని పని చేసే సూక్ష్మజీవులను చంపడం మరో ఎత్తు. ఆ జీవులు లేకపోతే మడి అంటే రాళ్ళ గుంతే. యజమానురాలు తువ్వాళ్ళకూ రంగువే కొన్నారు. తెల్లదనం కోసం అతిథులు అడుగుతారన్న ఆమె భయం తీరింది, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

కుంకుడు రసంతో దుప్పట్లు ఉతికించే ప్రయత్నమూ జరిగింది. చెమట పోయింది గానీ ఒంటికి రాసుకునే ఎండ క్రీము మరకలు పోలేదు. చివరికి భాస్వరం లేని ఉతికే పొడిని భూభాగం నుంచి తెప్పించుకుంటున్నాం.

ఈ దశ ఖర్చు: గొట్టాలు, మలుపులు, మొక్కల పని 6,300. తువ్వాళ్ళు లాడ్జి ఖాతా.
ఇప్పటివరకు మొత్తం: 1,05,200.

దశ 7: పొంగు (డిసెంబరు, జనవరి)

గదులు నిండిన పది పదిహేను రోజులకే లోపలి వైపు కంకర మీద నీరు పైకి తేలింది. మడిలోకి నీరు వదిలే గొట్టానికి వేసిన సన్నటి రంధ్రాలు వెంట్రుకలు, దుప్పటి నూగుతో మూసుకుపోయి, తెరుచుకున్న ఒకటి రెండు రంధ్రాల నుంచే నీరంతా ఒక మూల పడుతోంది. నిలిచిన నీటిలో దోమ పిల్లలు కనిపించాయి.

మార్చినవి:

1. మడికి ముందు 200 లీటర్ల డ్రమ్మును నిలువ తొట్టిగా పెట్టి, స్నానాల నీరు, ఉతుకుడు నీరు, కొవ్వు తొట్టి దాటిన నీరు అందులో కలిసేలా చేశాం. నూగు అడుగున ఆగుతుంది, వారానికోసారి తీయాలి.
2. స్నానాల గది తూములకు స్టీలు జాలి.
3. రంధ్రాల గొట్టం తీసేసి, 63 ఎం.ఎం. గొట్టానికి కింది వైపు 12 ఎం.ఎం. రంధ్రాలు వేసి, రెండు చివర్లా విప్పగలిగే మూతలు పెట్టాం. మూత విప్పి కడ్డీతో తోస్తే పదినిమిషాల్లో శుభ్రం.
4. లోపలి వైపు 40 ఎం.ఎం. రాయిని అంతటినీ పైకి తీసి కడిగి తిరిగి పోశాం.
5. బయటి వైపు నిలువు గొట్టానికి తిప్పగలిగే మోచేయి పెట్టాం. దాన్ని వంచితే మడిలో మట్టం దిగుతుంది, నిలబెడితే పెరుగుతుంది.

అయిదోది మొదటి రోజే పెట్టించుకోమని ఈ పని తలపెట్టే ప్రతి ఒక్కరికీ చెబుతాను. వంద రూపాయల ముక్క అది.

ఈ దశ ఖర్చు: 5,200.
ఇప్పటివరకు మొత్తం: 1,10,400.

దశ 8: ఫలితాలు (ఫిబ్రవరి నుంచి ఏప్రిల్)

తేటదనం కొలవడానికి 60 సెం.మీ. పారదర్శక గొట్టం అడుగున నల్ల గుర్తు గీసి, ఆ గుర్తు కనబడినంత ఎత్తు దాకా నీరు పోస్తాం. లోపలికి వచ్చే నీటిలో గుర్తు 6 సెం.మీ. దాకానే కనబడింది, బయటికి వచ్చే నీటిలో 48. అమ్మోనియా 9 పీపీఎం నుంచి 4కు తగ్గింది (చెరువుల కిట్టు పరిధి దాటుతుంది కాబట్టి నమూనాను అయిదింతలు పలచన చేసి చూడాలి).

బయటి నీటిలో కుళ్ళిన గుడ్ల వాసన ఉండేది. కరిగిన ఆక్సిజన్ 0.8 పీపీఎం మాత్రమే. చెరువైతే తెల్లారేసరికి రొయ్య ఒడ్డుకు చేరే అంకె ఇది. తూము నుంచి కాలువ దాకా ఒక్కొక్కటి 12 సెం.మీ. ఎత్తున నాలుగు సిమెంటు మెట్లు కట్టి నీటిని పలచగా జారనిస్తే 3.1కి పెరిగింది, వాసన పోయింది. మెట్లను మిగిలిన దిమ్మెలతోనే కట్టాం, ఖర్చు లేదు.

భాస్వరం విషయంలో మడి మీద ఆశ పెట్టుకోకండి. డిసెంబరులో లోపల 6, బయట 3.5 ఉంటే సంతోషించాం; ఏప్రిల్‌కు బయట 5 అయింది. కొత్త కంకర కొంతకాలం భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది, ఆ పట్టు నిండాక వదిలేస్తుంది. మొక్కలు కోసి బయట వేసినప్పుడు పోయేది కొద్దిగానే. దీనికి పరిష్కారం ఉతికే పొడిలోనే ఉంది, మడిలో లేదు.

బయటి నీటిని క్రిముల పరీక్ష సీసాలో పోస్తే మర్నాటికి నల్లబడింది, అంటే మలసంబంధమైన క్రిములు ఉండే అవకాశం ఉంది. అందువల్ల ఆ నీటిని పైన పారించడం లేదు. కంకర నింపిన సన్నటి కాలువలో నేల కిందనే అరటి, కొబ్బరి పాదులకు పంపుతున్నాం. కూరగాయల మడులకు ఇవ్వము, యజమానురాలు ఎంత అడిగినా. వానకాలంలో అరటికి నీరు అక్కర్లేదు. అప్పుడు వేరే ఇంకుడు కాలువకు తిప్పాలి. పెద్ద వాన ఒక్కరోజులో 100 మిల్లీమీటర్లు పడితే మడి మీదే 1,200 లీటర్లు పడ్డట్టు, అందులో సగం శుద్ధి కాని నీరు ముందుకు తోసుకుపోతుంది. ఆ నెలల్లో అతిథులు తక్కువ కావడం మాకు కలిసొచ్చింది, మడి గొప్పతనం కాదు.

ఈ మడి చేయనివి

పగడాలు తెల్లబడటాన్ని ఇది ఆపదు. అండమాన్‌లో 1998, 2010, 2016లలో పగడాలు పెద్దయెత్తున తెల్లబడింది సముద్రం వేడెక్కడం వల్ల. నీరు శుభ్రంగా ఉంటే వేడి తగ్గాక తేరుకునే అవకాశం పగడానికి మిగులుతుందన్నంత వరకే మా వాదన.

ఎండ క్రీములలోని ఆక్సీబెంజోన్‌ను ఈ మడి ఎంత వరకు పడుతుందో చూసే సాధనం మా పెట్టెలో లేదు. పలావు 2020లో, హవాయి 2021లో ఆ రసాయనం ఉన్న క్రీముల అమ్మకాన్ని ఆపాయి. మేము పొడుగు చేతుల ఈత చొక్కాలను అద్దెకు పెట్టాం. చొక్కా వేసుకున్నవారికి ముఖానికి, చేతులకు తప్ప క్రీము పట్టదు, దుప్పట్ల మీద మరకలూ తగ్గాయి.

ఉదయం పడవలో వచ్చి, భరత్‌పూర్‌లో అద్దాల అడుగు పడవ ఎక్కి, భోంచేసి, సాయంత్రం పడవలో వెళ్ళిపోయేవారి నీరు మా గొట్టాల్లోకి రాదు. ఒకరోజు పర్యాటకుల సంఖ్య ముందు ఆరు గదులు ఎంత? దీవి పొలాల ఎరువు సంగతీ అంతే. పోర్ట్‌బ్లెయిర్‌కు కూరగాయలు పంపే దీవి ఇది, ఆ ఎరువులో కొంత వానతో పాటు ఇదే రాయిలోకి దిగుతుంది. తప్పంతా లాడ్జిలదేనని అనేవారితోగానీ, రైతులదేనని అనేవారితోగానీ నేను ఏకీభవించను.

ఇప్పుడు నడుస్తున్న పని

యజమానురాలు మరో రెండు గదులు కట్టాలనుకుంటున్నారు. లెక్క ఇద్దరం కలిసి వేశాం. ఇప్పుడు 16 మందికి 1,110 లీటర్లు, అంటే మనిషికి సుమారు 69. మరో నలుగురు పెరిగితే 1,388. మడిలో నీరు నిలిచేది 1.8 రోజులకు దిగుతుంది. వేళ్ళు, బురద ఖాళీలను తినేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. బావి సంగతి అంతకన్నా కష్టం. వాడకం తగ్గించాక ఈ మార్చిలో లవణాలు 640 పీపీఎం దగ్గర ఆగాయి. కిందటి ఏడు కన్నా నయమే గానీ, వానల్లో తేడా ఉండవచ్చు కాబట్టి ఒక్క ఏడాది అంకెను నమ్మి గదులు పెంచలేం.

తేలిన నిర్ణయాలు:

1. వచ్చే మార్చి కొలత 700 దాటితే కొత్త గదులు లేవు.
2. దాటకపోతే ముందు రెండో మడి, ఇదే కొలతలతో, మొదటిదానికి పక్కన. రెండూ ఉంటే ఒకదాన్ని ఆపి కడిగే వీలు ఉంటుంది.
3. కంకర 8 ఘనపు మీటర్లు, వానలకు ముందు, ఏప్రిల్‌లోనే తెప్పించాలి. 40 ఎం.ఎం. రాయిని ఈసారి లోపలి వైపు మీటరు పొడవు పోయాలి.
4. నిలువ తొట్టి, తిప్పే మోచేయి, విప్పే మూతలు మొదటి రోజు నుంచే.

రెండో మడికి అంచనా 88,000. పునాది గీతలు గీయమని మేస్త్రి గారికి ఇంకా చెప్పలేదు.